ఒకటి ఇంట్లో ఉండిపోయింది

పడింది. బంతి లోపల పడింది. ముందు వాళ్ళదేననుకున్నాను, ఎందుకంటే ఈ ఫుట్‌బాల్ మైదానంలో బంతి వలలో పడిందంటే అది వాళ్ళదే, ఏ దేశంవాళ్ళొస్తే వాళ్ళది, పంతొమ్మిదేళ్ళుగా ఈ స్కోరు బోర్డు వెనక కూర్చుని నేను నేర్చుకున్న ఒకే ఒక్క శాస్త్రం అది. చెయ్యి దానంతటదే అతిథుల వైపు అంకెల రేకుల మీదికి పోయింది కూడా. కానీ కదిలింది అవతలి కొస వల కాదు. ఇవతలిది, నా ముక్కు కింద ఉన్నది, వాళ్ళ గోలీ కాపలా కాస్తున్నది. ఆ ఆరడుగుల మనిషి నేల మీద చతికిలబడి బంతి వంక చూస్తున్నాడు, వంటింట్లోకి దూరిన పొరుగింటి పిల్లిని చూసినట్టు. మా జట్టులో ఆడే రొట్టెల బట్టీవాడు రెండు చేతులూ చాపి పరుగెత్తాడు, ఎటు పరుగెత్తాలో తెలియక మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చాడు, గోల్ కొట్టాక ఏం చెయ్యాలో పాపం వాడికెవరు నేర్పారు గనుక. అసలు వాడు కొట్టలేదు. కార్నర్ నుంచి వచ్చిన బంతికి వీపు తిప్పి నిలబడ్డాడు, అది వాడి నడుముకు తగిలి లోపలికి పోయింది, బట్టీ ముందు ఇరవై ఏళ్ళు వంగి లేచి గట్టిపడ్డ నడుము. ఎనిమిదివేల మంది ఒక్క క్షణం నోళ్ళు మూసుకుని తర్వాత అందరూ ఒకేసారి తెరిచారు. నేనూ తెరిచాను. తెరిచిన నోట్లోకి దుమ్ము పోయింది, దగ్గొచ్చింది, ఆ దగ్గులోనే టెలిఫోను మోగింది.

ఇక్కడి పద్ధతి అది. కళ్ళారా చూసినా సరే, టెలిఫోను మోగందే రేకు ముట్టుకోకూడదు. మైదానం అవతల అధికారుల బల్ల దగ్గర గుమాస్తా కూర్చుంటాడు, అంకె మారాలంటే ఆయన మోగిస్తాడు, మారనక్కర్లేకపోతే మోగించడు, ఇద్దరి మధ్యా ఇంతకు మించి సంబంధం లేదు. “అంకెలన్నా, యాభై ఐదో నిమిషం, మనదే! ఒకటి పెట్టు!” అన్నాడు. పెట్టమంటే పెట్టేవాణ్ణే. కుడిచేత్తో సున్నా రేకుని గాడిలోంచి సగం పైకి లాగి, ఎడమచేత్తో మన వైపు అర తడిమాను. రెండు తగిలింది. మూడు తగిలింది, దాన్ని చివరిసారి పెట్టింది మా నాన్న. ఒకటి ఉండాల్సిన చోట సాలెపురుగు ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఒకటి ఇంట్లో ఉంది. మా మామగారి ఒళ్ళో ఉంది.

ఎవరికి చెప్పుకోను. నేను బండ్లకు నంబర్లు రాసేవాణ్ణి, వాహనాల ఆఫీసు ఎదురుగా నా షాపు, ఊరంతా అంకెలవాడంటారు, ఊళ్ళో తిరిగే ప్రతి బండి వెనకా నా చేతి అంకె ఉంటుంది, అలాంటి నా దగ్గర ఇప్పుడు ఒకటి లేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు. మూడేళ్ళ క్రితం ఆ రేకు తుప్పు పట్టింది, వాడకపోతే ఇనుమైనా మనిషైనా అంతే, ఇంటికి తీసుకెళ్ళి గీకి కొత్త రంగేసి వరండాలో ఆరబెట్టాను. ఆరీ ఆరకముందే మామగారు దాన్ని తన కుర్చీ చేతుల మీద అడ్డంగా పెట్టి చూసుకున్నారు. వడ్రంగి కొలత తీసి చేసినట్టు సరిపోయింది. అప్పట్నుంచి ఆయన పాలూ రొట్టే, పేపరూ, మందులూ, పేకముక్కలూ అన్నీ దానిమీదే. నేనూ అడగలేదు, అడగాల్సిన పని పడలేదు, ఈ మైదానంలో మావాళ్ళు గోల్ కొట్టి ఆరేళ్ళు దాటింది. ఈ పొద్దున మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, “ఏమండీ, ఒకటి తీసుకెళ్ళరా?” అంది. “ఎందుకూ దండగ మోత! నేను వాళ్ళ ఎనిమిదికీ తొమ్మిదికీ కొక్కేలు సరిచూసుకోవాలి, నీకేం, చెప్తావు,” అన్నాను, నవ్వాను కూడా. మామగారు విన్నారు. తీసుకెళ్తానేమోనని ఆయన అప్పటికే పాలగిన్నె పైకెత్తి పట్టుకున్నారు, పేపరు చంకలో పెట్టుకున్నారు, రేకు ఖాళీ చేసి ఇవ్వబోయారు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. సందు మలుపులో వెనక్కి తిరిగి చూస్తే ఇంకా గిన్నె ఎత్తి పట్టుకునే ఉన్నారు.

ఆ గిన్నె ఇప్పుడు కళ్ళముందు నుంచి పోవడం లేదు. అసలు మామగారంటే ఎవరు, ఊళ్ళో ఎవర్నడిగినా పదమూడు అంటారు. పదమూడు గారిల్లు, పదమూడు గారల్లుడు, పాలవాడు సైతం పదమూడుకి రెండు ప్యాకెట్లు అని రాసుకుంటాడు, నిజానికి ఆయన నలభై ఏళ్ళు ఉత్తరాలూ టెలిగ్రాములూ పంచిన మనిషి. నలభై ఒక్కేళ్ళ క్రితం ఇదే మైదానంలో దేశం తరఫున గోలీగా నిలబడ్డారు, ఒక్క మధ్యాహ్నంలో పదమూడు గోల్స్ పడ్డాయి. బోర్డు మీద అప్పట్లో మా నాన్న. తొమ్మిది దాకా వరసగా మార్చుకుంటూ వచ్చాడట, పదో గోల్ పడ్డాక తెల్లబోయాడు, ఎందుకంటే అతిథుల కిటికీలో ఒక్క అంకె పట్టే చోటే ఉంది, రెండంకెల అవసరం పడుతుందని కట్టినవాడు కలలో కూడా అనుకోలేదు. టెలిఫోనులో గుమాస్తా పది పది అని అరుస్తున్నాడు. మా నాన్న కాసేపు ఆలోచించి తొమ్మిది పక్కన బోర్డు మీద సుద్దముక్కతో + 1 అని రాశాడు. తర్వాత చెరిపి + 2. ఆట ముగిసేసరికి 9 + 4 అయింది, మర్నాడు పేపర్లో మామగారి ఫొటో కంటే ఆ సుద్దరాత ఫొటోయే పెద్దది వేశారు. మరో నెలకే అతిథుల కిటికీ వెడల్పు చేసి రెండు రేకులు వేలాడే కొక్కేలు కొట్టారు. మనవైపు మాత్రం పాత గాడే ఉంచారు, మనకు రెండంకెలు వస్తాయని ఎవరికి మాత్రం భయం.

మా ఆవిడ వాహనాల ఆఫీసులో కౌంటర్ దగ్గర పనిచేసేది, నంబరు కాగితం ఇచ్చేటప్పుడు ఆమె వేళ్ళు చూసి నేను మూడుసార్లు తప్పు నంబరు రాశాను, అలా మాటలు కలిశాయి. కలిశాక ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాను. పదమూడు గారి కూతురని తెలుసు, నేను ఎవరి కొడుకునో ఆయనకు తెలుసో లేదో తెలియదు. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, “ఆ సుద్దతో రాసింది మీ నాన్నేనా?” అన్నారు. అవునండీ అన్నాను, అయిపోయింది ఈ సంబంధం అనుకున్నాను. “దస్తూరి బాగుంది,” అన్నారు. అంతే. ఇరవై రెండేళ్ళయింది, మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఈ మైదానం వైపు మాత్రం రారు. మార్కెట్టుకి ఈ వీధి దగ్గరదారి, ఆయన వెనక వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్తారు, మోకాలి నొప్పితో, చేతిలో సంచీతో. అలాంటి మనిషి పొద్దున రేకు ఖాళీ చేసి ఇస్తే నేను నవ్వాను, ఛీ, నా బతుకూ.

సరే, ఏడ్చి లాభం లేదు, ఫోన్ చెయ్యాలి. జేబులోంచి తీసి నొక్కాను, రెండో రింగుకే ఎత్తింది. “ఏమండీ! పడింది! రేడియోలో చెప్పారు, నాన్న కుర్చీలోంచి ఒక్కసారి లేచేశారు...” “ఒకటి ఎక్కడుంది?” “ఏ ఒకటి?” “రేకే, ఒకటి రేకు!” “నాన్న చేతుల్లో. దాన్ని పట్టుకునే లేచారు, పాలన్నీ నేలపాలు, నేను పొద్దున చెప్పలేదూ మీకు?” “చెప్పావు తల్లీ, చెప్పావు, ఎవరిచేతైనా పం...” లైను తెగిపోయింది. మళ్ళీ నొక్కితే కుయ్యిమని ఒకటే మోత, ఊరు ఊరంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటున్నట్టుంది, పడిందా అంటే పడింది అని, నిజమా అంటే నిజం అని, ఈ మాత్రం మాటలకు తీగలన్నీ ఆక్రమించుకుంటే నాలాంటి అక్కరున్నవాడి గతేమిటి. ఇంతలో గుమాస్తా మళ్ళీ మోగించాడు. బోర్డు మీద ఇంకా సున్నా ఉందట, జనం బోర్డు చూసి గోల చేస్తున్నారట, గోల్ రద్దయిందనుకుని పైస్టాండులో ఒక పెద్దాయన చొక్కా చింపుకున్నాడట. “పెడుతున్నా, పెడుతున్నా, గాడి బిగుసుకుంది,” అని అబద్ధమాడాను.

అతిథుల వైపు ఒకటి ఉంది, నిక్షేపంలా ఉంది, నూనె రాసి మరీ పెట్టాను. తెచ్చి మన గాడిలో నిలబెట్టాను. సన్నటి రేకు, పైన కొక్కేనికి వేలాడేది, ఈ గాడిలో దానికి ఆసరా ఎక్కడ, రెండు క్షణాలు నిలబడి నా కాలి బొటనవేలి మీద పడింది. వాళ్ళ ఒకటి మన ఇంట్లో ఇమడదు మరి. కుంటుకుంటూ చుట్టూ చూశాను. నూనె డబ్బా, పాత గోనెసంచి, నేను కూర్చునే రంగుడబ్బా, మూల స్టాండ్లు ఊడ్చే పొడుగు కర్ర చీపురు. చీపురు. ఒకటంటే ఏమిటి, నిలువుగా ఒక గీత, ఇరవై ఐదేళ్ళు అంకెలు రాసిన చేతికి ఈ మాత్రం తోచదా. సున్నా పూర్తిగా లాగి గోడకు ఆనించి, తెరుచుకున్న కిటికీ మధ్యలో చీపురు నిలబెట్టాను, కుచ్చు పైకి. వదిలితే వాలిపోతోంది. అందుకని పట్టుకుని నిలబడ్డాను. మైదానంలోంచి నవ్వు ఒకటి మొదలై స్టాండు స్టాండుకీ పాకింది, “చీపురూ! చీపురూ!” అని ఒక పక్కన మొదలుపెట్టారు, చప్పట్లు దానికి తాళం. నవ్వుకోండి నాయనా, ఈ చీపురు లేకపోతే మీ పరువేం కాను.

అప్పుడే ఒక సంగతి గమనించాను. మైదానం కనిపిస్తోంది. మొత్తం. నేను పంతొమ్మిదేళ్ళుగా ఆట చూసింది సున్నాలోంచి. మా నాన్న ఆ రేకు నడుమ జానెడు వెడల్పున గుండ్రంగా కోసి పెట్టాడు, మనవైపు ఎక్కువసేపు ఉండే అంకె అదే కాబట్టి చూడ్డానికి వీలుగా ఉంటుందని. ఆ జానెడులోంచి చూస్తే బంతి ఉంటే మనిషి ఉండడు, మనిషి ఉంటే బంతి ఉండదు. ఇప్పుడు చీపురుకి అటూ ఇటూ పచ్చగా ఎంత నేల, ఇంత పెద్దదా ఇది, దీన్ని కాపలా కాయడం పదకొండు మందికి ఎలా సాధ్యం, పదమూడు పడ్డాయంటే ఆశ్చర్యమేముంది. ఒకటి రేకు నాతో ఉండి ఉంటే పెట్టేసి చీకట్లో కూర్చునేవాణ్ణి. మతిమరుపు కూడా ఒక్కోసారి కలిసొస్తుంది, కానీ ఈ మాట మా ఆవిడ దగ్గర అనకూడదు.

చెయ్యి లాగుతోంది. అరవై తొమ్మిదో నిమిషం. వాళ్ళు మీదపడుతున్నారు, పదిమందీ మన సగంలోనే ఉన్నారు, బంతి మన గోలీ ముందర గోడకు కొట్టినట్టు తిరిగి తిరిగి వస్తోంది. గోలీ ఎవరు, పంపుల మేస్త్రీ. అవతలి కొసన నాకేసి మొహం పెట్టి నిలబడ్డాడు, ఇంత దూరం నుంచి బొటనవేలంత ఉన్నాడు. మా వంటింట్లో కుళాయి మూడుసార్లు బాగుచేసి వెళ్ళాడు, ఈనాటికీ కారుతూనే ఉంది, టప్ టప్ మని, కుళాయిలో నీళ్ళాపలేనివాడు వీళ్ళనేం ఆపుతాడని నిన్న మా ఆవిడతో అన్నాను. వాడు ఆపుతున్నాడు. కాలితో ఒకటి, మోకాలితో ఒకటి, ఒకటి మొహంతో. నాయనా, కుళాయి సంగతి మర్చిపో, జన్మంతా కారనీ, నేను కింద బిందె పెట్టుకుంటాను, ఈ ఒక్క పూట మాత్రం ఆపు.

ఒకటి చాలు, అది మామగారి సిద్ధాంతం. కుర్చీ ఎదురుగోడకు ఐదు పేపరు ముక్కలు అంటించుకున్నారు, రొట్టె ముంచుకు తింటూ వాటికేసి చూస్తారు, నాకు వినిపించేలా చదువుతారు. యాభైలో అమెరికా వాళ్ళు ఇంగ్లండుని కొట్టారు, ఒకటి, సున్నా. వాళ్ళ గోలీ మామూలు రోజుల్లో శవాల బండి నడిపేవాడు, గోల్ కొట్టినవాడు హోటల్లో గిన్నెలు కడిగేవాడు. అరవై ఆరులో ఉత్తర కొరియా, ఇటలీ మీద, ఒకటి, సున్నా; ఇంటికి తిరిగొచ్చిన ఇటలీవాళ్ళకి విమానాశ్రయంలో టమాటాలతో జరిగింది సత్కారం. తొంభైలో కామెరూన్, కప్పు గెలిచిన అర్జెంటీనా మీద, ఒకటి, సున్నా, ఇద్దర్ని రిఫరీ బయటికి పంపేస్తే ఆట ముగించింది తొమ్మిదిమంది. అదే ఏడు ఫారో దీవులు ఆస్ట్రియా మీద, ఒకటి, సున్నా. వాళ్ళకి సొంతంగా గడ్డి మైదానమే లేక పరాయి దేశంలో ఆడారు, గోలీ కుచ్చుటోపీ పెట్టుకుని నిలబడ్డాడు. రెండువేల రెండులో సెనెగల్, ఫ్రాన్స్ మీద, ఒకటి, సున్నా. “చూశావా అల్లుడూ, చిన్నవాడు పెద్దవాణ్ణి కొట్టాలంటే ఒక్క దెబ్బే. రెండోది కొట్టే తీరిక ఉండదు, మిగతా సమయమంతా ఆపుకోడానికే సరిపోతుంది.” సౌదీవాళ్ళు అర్జెంటీనాని రెండు, ఒకటితో కొట్టారుగదా మామయ్యా అని నేనోసారి కావాలని కెలికాను. ఆయన మొహం చిట్లించారు. “రెండు కొట్టడం దుబారా. ఒకటి ఇచ్చుకుని రెండు కొట్టడం గోలీకి చిన్నతనం. అది అంటించను.” అంటించలేదు. ఆ గోడ మీది ఐదింటిలోనూ పెద్దక్షరాల్లో ఉన్నది ఒకటే, ఆ ఒకటి మీదే ఆయన రోజూ రొట్టె తింటున్నారు, నాకేమో అది పీటలా కనిపించింది. ఇరవై రెండేళ్ళు ఒకింట్లో ఉండి నాకీ మాత్రం అర్థం కాలేదు, నాకన్నా ఆ సాలెపురుగు నయం.

మళ్ళీ టెలిఫోను. “అన్నా, తల తియ్యి!” “ఏం తల?” “నీ తలే! చీపురు పక్కన నీ గుండు సున్నాలా కనిపిస్తోంది. బోర్డు మీద పది ఉందన్నా! వాళ్ళ కోచ్ ఇక్కడికొచ్చి బల్ల గుద్దుతున్నాడు, మేం పది ఎప్పుడు ఇచ్చామని!” బట్టతల చేసిన పాపం. దేశచరిత్రలో మొదటిసారి మనవైపు రెండంకెల స్కోరు పడింది, అదీ నా నెత్తితో, రాసుకోండర్రా. మోకాళ్ళ మీద కూర్చుని, మెడ పక్కకి వంచి, చెయ్యి మాత్రం పైకెత్తి చీపురు పట్టుకున్నాను. ఇప్పుడు కళ్ళకి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, ఇరవై జతల కాళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ. డెబ్భై ఎనిమిది. ఎనభై రెండు. భుజం మొద్దుబారింది, ఇది నా చెయ్యేనా చీపురు చెయ్యా తెలియడం లేదు. ఈ పాటికి ఎవరో ఒకరి చేత పంపించే ఉంటుంది, ఎవరి చేత పంపుతుంది, వీధిలో మగా ఆడా అందరూ ఇక్కడే ఉన్నారుగా. తనే స్కూటరేసుకుని వస్తుంది. వచ్చాక ఏమంటుందో కూడా తెలుసు, పొద్దున చెప్పలేదూ అంటుంది, అననీ, వెయ్యిసార్లు అననీ. ఎనభై ఆరు. ఎనభై ఎనిమిది.

కింద ఇనుపనిచ్చెన కదిలింది. “గట్టిగా పట్టుకో అమ్మాయ్,” అని వినిపించింది. ఆ గొంతు ఇక్కడ వినిపించాల్సింది కాదు. “అల్లుడూ, దీనికి మెట్లెన్ని?” “పద్నాలుగు మామయ్యా,” అన్నాను. “బతికించావు, పదమూడైతే వెనక్కి పోయేవాణ్ణి.” ఒక్కో మెట్టుకీ ఒక మూలుగు. ముందు రేకు వచ్చింది, నీలం మీద పసుపుపచ్చ ఒకటి, ఒక అంచున రొట్టె పొడి. దాని వెనక మామగారి తెల్లజుట్టు, పాలు చిందిన చొక్కా. “గేటు దగ్గర టికెట్టేదన్నాడు. ఇది చూపించాను. ఒక్కటేనా అన్నాడు. ఒక్కటి చాలన్నాను.” కింద నుంచి మా ఆవిడ, “నేనొక్కదాన్నే తెస్తానంటే వినలేదండీ, స్కూటరు వెనక దీన్ని తెరచాపలా పట్టుకుని కూర్చున్నారు, గాలికి ఇద్దరం కాలవలో పడేవాళ్ళం! నేను పొద్దున చెప్పలేదూ!” అంది. ఆయన వినడం లేదు. తెరిచిన కిటికీలోంచి మైదానం చూస్తున్నారు. నలభై ఒక్కేళ్ళు వెనకవీధి చుట్టూ తిరిగిన మనిషి రేకు గుండెకు హత్తుకుని నిలబడ్డారు, పెదాలు కదులుతున్నాయి, ఏమంటున్నారో వినిపించలేదు. నాకు ఏడుపొచ్చింది. చీపురు వదల్లేక ముక్కు భుజానికి తుడుచుకున్నాను.

అప్పుడే రిఫరీ ఈల వేశాడు. జనం అమ్మో అన్నారు. అవతలి కొసన మావాడెవడో ఒకణ్ణి పడేశాడు, పెనాల్టీ, తొంభై రెండో నిమిషం. వాళ్ళలోకెల్లా పెద్దవాడు బంతి చంకలో పెట్టుకుని నడుస్తున్నాడు, తొందరేమీ లేదు వాడికి. మన మేస్త్రీ గీత మీద నిలబడి చేతులు దులుపుకుంటున్నాడు. “రేకు పెట్టు,” అన్నారు మామగారు. “మామయ్యా, పెడితే ఏమీ కనపడదు, ఇంత దూరం వచ్చి... ఈ ఒక్కటీ చూసి పెడదాం, చీపురు ఉందిగా.” “పెట్టు. ఆ కుర్రాడికి ఎదురుగా ఉన్నది ఈ బోర్డే. గోలీ బోర్డు చూస్తాడు అల్లుడూ. కొట్టేముందు ప్రతిసారీ చూస్తాడు. నేను ఆ రోజు ఆ సుద్దరాత చూశాను, కూడుకున్నాను, నా కాళ్ళు చచ్చిపోయాయి. వాడికి ఇప్పుడు చీపురు కనపడకూడదు.” ఇంకేమంటాను. చీపురు లోపలికి లాగాను, ఇద్దరం చెరో అంచూ పట్టుకుని రేకు గాడిలోకి దించాం. కొత్త రంగు వేసింది కదా, ఆగి ఆగి జారింది. చివరి బెత్తెడు వెలుతురు సన్నగా గీతలా అయి ఆరిపోయింది.

చీకటి. ఒక్క అంకెకు అవతల ఎనిమిదివేల మంది ఊపిరి బిగబట్టారు, వినడానికి ఏమీ లేదు, ఏమీ లేకపోవడం ఇంత పెద్దగా ఉంటుందని తెలియదు. కింద నుంచి మా ఆవిడ, “ఏమవుతోందండీ?” అంది, ఉష్ అన్నాం ఇద్దరం. ఇంట్లో కుళాయి గుర్తొచ్చింది, టప్, టప్. వాడు బోర్డు చూసే ఉంటాడు. చూశావా నాయనా, కొత్త రంగు, నేనే వేశాను, అంచులు ఎంత నున్నగా ఉన్నాయో చూడు. ఈల వినిపించింది. తర్వాత ఒక దబ్బు. తర్వాత ఓ అన్నారు అందరూ. “గోలీ చేతితొడుగు చప్పుడు,” అన్నారు మామగారు. వంద గజాల దూరం నుంచి తొడుగు చప్పుడు వినిపించే చెవులా అవి, రేడియో పెంచమని వీధి చివరికి వినపడేలా అరిచే చెవులు. ఆ ఓ ఏమిటో నాకు తెలియలేదు. పదమూడు పడ్డ రోజు కూడా మా జనం ఓ అనే అన్నారట. బయట అరుపులు పెరుగుతున్నాయి, సంతోషమో ఏడుపో రేకుకు అడ్డంపడి ఒకటే హోరుగా వస్తోంది. ఇంతలో టెలిఫోను మోగింది.

మోగింది. మోగిందంటే మారాలి. మారాలంటే వాళ్ళది. అంతే, అయిపోయింది, ఒకటి, ఒకటి, అదైనా గొప్పే, మనసుకి సర్దిచెప్పుకుంటూనే చెయ్యి దానంతటదే అతిథుల రేకుల మీదికి పోయింది, పంతొమ్మిదేళ్ళ చెయ్యి. మామగారు చీకట్లో తడిమి నా చేతి మీద చెయ్యి వేశారు. రెండో చేత్తో ఆయనే టెలిఫోను ఎత్తారు. “చెప్పు నాయనా. ఏం మార్చాలి?” అవతల గుమాస్తా ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో, మాటలు ఈ గది మొత్తానికి వినిపించాయి. “ఏదీ మార్చొద్దన్నా! ఏదీ ముట్టుకోవద్దు! ఆపాడు! ఆపేశాడు! ఊరికే... ఊరికే చెప్దామని చేశాను!”

మామగారు టెలిఫోను పెట్టలేదు, చేతిలో పట్టుకునే రంగుడబ్బా మీద కూర్చున్నారు. కింద నుంచి మా ఆవిడ ఏమైందో చెప్పకపోతే నిచ్చెన వదిలేస్తానని బెదిరిస్తోంది. ఆఖరి ఈల వేశారు, జనం కంచె దూకుతున్న చప్పుడు, బోర్డు ఊగుతోంది, ఎవరో దాన్ని కింద నుంచి గుద్దుతున్నారు. ఆయన చేతిలోని టెలిఫోను వంక చూశారు. “ఆ రోజు నేను ఇరవై ఆరు ఆపాను. లెక్కపెట్టుకున్నాను. ఒక్కదానికీ ఈ ఫోను మోగలేదు.” “మోగేది కాదు మామయ్యా, పద్ధతి,” అన్నాను. “తెలుసులే,” అన్నారు, టెలిఫోను మెల్లగా దాని చోట పెట్టారు, చొక్కాకి చెయ్యి తుడుచుకున్నారు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. పొద్దున నవ్వినందుకు తప్పయిపోయిందని అన్నాను. ఎందుకు నవ్వావో గుర్తు లేదన్నారు, అబద్ధం.

కాసేపటికి గుమాస్తా మళ్ళీ మోగించాడు, రేకులు దించవద్దట, ఒకటి అలాగే వారం రోజులు ఉండాలని పెద్దవాళ్ళు చెప్పారట, వానొచ్చినా దించవద్దట. సరే అన్నాను. అన్నాక ఆలోచన వచ్చింది. “మరి మీ పాలూ రొట్టే ఎలా మామయ్యా వారం రోజులు?” ఆయన గోడకు ఆనించి ఉన్న సున్నా వంక చూశారు. “అది ఖాళీయేగా. అది పట్టుకుపోదాం.” “మధ్యలో అంత కన్నం ఉంది, గిన్నె కింద పడదూ?” ఆయన లేచి, మోకాలు పట్టుకుని వంగి, చీకట్లోనే ఆ కన్నం అంచు మీద జాన పెట్టి కొలిచారు. “పడదు,” అన్నారు. “సరిగ్గా అందులోనే కూర్చుంటుంది. మళ్ళీ ఎప్పుడైనా ఉలిక్కిపడి లేచినా ఒలకదు.”